పల్నాటి మెట్టలలో ఎర్రచందనము
(రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మాచర్ల, గురజాల, వినుకొండ ప్రాంతముల నుండి వచ్చు రైతులు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. "మాకు రెండెకరముల గరుసు నేల ఉన్నది. ప్రత్తికి పనికి రాదు, మిరపకు అసలే పనికి రాదు. అందులో ఎర్రచందనము వేయవచ్చునా? వేసినచో నిజముగా లక్షలు వచ్చునా?" ఈ ప్రశ్నకు అవుననిగాని, కాదనిగాని ఒక్క మాటలో జవాబు చెప్పుట న్యాయము కాదు. ఈ చెట్టు ఎటువంటిది, ఎచ్చట పుట్టినది, ఎంత కాలమునకు చేతికి వచ్చును, దానిని అమ్ముకొనుటకు ఏ కాగితములు కావలెను అను సంగతులు తెలిసికొన్న తరువాత ఎవరి పొలమునుబట్టి వారే నిర్ణయించుకొనవలెను. ఆ సంగతులే ఈ దినము మీకు మనవి చేయుదును.

మొదట ఈ చెట్టు పుట్టిల్లు గురించి చెప్పవలెను. మీలో చాలమంది నాగార్జునకొండను చూచియే ఉందురు. ఒకప్పుడది లోయ ప్రక్కన నిలిచిన కొండ. సాగరు ఆనకట్ట కట్టి నీరు నిలిపిన తరువాత చుట్టునున్న లోయ మునిగి, కొండ కొన మాత్రము ద్వీపమై మిగిలినది. ఆ కొనపైనున్న మొక్కకు చుట్టు నీరే హద్దు. ఎర్రచందనము స్థితియు ఇంచుమించు అటువంటిదే. దాని చుట్టు సముద్రము లేదు, అయినను అది ద్వీపములోని చెట్టువలెనే బ్రదుకుచున్నది. కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతములలోని శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, వాటి దాపునున్న కొన్ని గుట్టలు, ఇవియే దాని స్వస్థలము. ప్రకాశము, కర్నూలు వైపునను, పొరుగు రాష్ట్రముల అంచులలోను కొద్దిగా కనబడును. ప్రపంచములో మరి ఏ దేశపు అడవిలోను ఇది తనంతట తాను పుట్టి పెరుగదు. సముద్రమట్టమునకు సుమారు 150 మీటర్లు మొదలు 900 మీటర్ల ఎత్తువరకు, రాళ్లతో నిండి నీరు నిలువని వాలు నేలలలో, ఎండ బాగుగా తగులు చోట ఇది పెరుగును.

ఇంత చిన్న తావులో మాత్రమే ఉన్న చెట్టునకు ఒక ప్రమాదము కలదు. వేప పోయినచో పక్క ఊరిలో వేప ఉండును. చింత పోయినచో పక్క జిల్లాలో చింత ఉండును. ఎర్రచందనము ఆ కొండలలో పోయినచో తెచ్చుకొనుటకు వేరొక అడవి లేదు.

ఇక చెట్టును గుర్తించుట. శాస్త్రజ్ఞులు దీనిని టెరోకార్పస్ శాంటలైనస్ అందురు. చిక్కుడు, కంది కుటుంబమునకు చెందినది. మధ్యరకపు చెట్టు, సాధారణముగా పది పదకొండు మీటర్ల ఎత్తు పెరుగును. బెరడు నల్లగా నుండి, మొసలి వీపువలె నలుచదరపు పెంకులుగా పగిలియుండును. గాటు పెట్టినచో ఎర్రని రసము కారును. ఆకులో సాధారణముగా మూడు రెక్కలుండును. ఎండకాలమున ఆకు రాల్చి, పసుపుపచ్చని పూలు పూయును. కాయ గుండ్రముగా, చుట్టును పలుచని రెక్కతో బిళ్లవలె నుండి, మధ్య గట్టి పెంకులో ఒకటి, అరుదుగా రెండు గింజలుండును.

ఈ గుర్తులు వివరముగా చెప్పుటకు కారణము కలదు. మన నల్లమలలో యేగిస చెట్టు విరివిగా కలదు. అదియు ఇదే జాతిలోనిది, గాటు పెట్టిన ఎర్రని రసమే కారును, కాయయు అటువంటిదే. కాని దాని ఆకులో అయిదు మొదలు ఏడు రెక్కలుండును. బందిగురువింద అను వేరొక చెట్టునకు కూడ కొన్ని చోట్ల రక్తచందనమను పేరు కలదు. తెల్లని మంచిగంధము పూర్తిగా వేరే కుటుంబపు చెట్టు. అది పక్క మొక్కల వేళ్లనుండి ఆహారము తీసికొని బ్రదుకును, దాని సాగు పద్ధతి వేరు. పేరు విని మొక్క కొన్నవాడు పదేండ్ల తరువాత పొరబాటు తెలిసికొనుటకంటె, ఆకు చూచి కొనుట మేలు.

ఈ చెట్టునకు విలువ అంతయు నడిమి చేవలో నున్నది. చేవ ముదురు ఎరుపు, మిక్కిలి బరువు, నీటిలో వేసినచో మునుగును. శాంటలిన్ అను రంగు పదార్థము అందులో కలదు. పూర్వము కోరమాండల్ తీరము నుండి ఈ కర్రను ఓడలలో ఐరోపాకు రంగుకొరకు తీసికొనిపోవుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివర కృత్రిమ రంగులు వచ్చిన పిమ్మట ఆ బేరము తగ్గినది. తరువాత జపాను దేశస్థులు షామిసెన్ అను తమ తంత్రీవాద్యము మెడకు ఈ కర్రను కోరిరి. చైనాలో విలువగల మంచములు, బీరువాలు, బొమ్మలు చేయుటకు గిరాకి పెరిగినది. ఆ గిరాకియే అడవికి ముప్పు తెచ్చినది. దొంగలు ముదురు చెట్లను వెదకి వెదకి నరికిరి. ముదురు చెట్టే విత్తనము నిచ్చు చెట్టు గనుక, నరికిన చోట మరల పుట్టుటయు తగ్గినది.

ఈ దొంగ బేరమున మనుష్యుల ప్రాణములు కూడ పోయినవి. అడవిని కాపాడు సిబ్బంది ప్రాణములు కోల్పోయిరి. 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలము కొండలలో పోలీసు కాల్పులలో ఇరువది మంది మరణించిరి. వారు తమిళనాడు నుండి వచ్చినవారు, కూలికి చెట్లు నరుకు బీదలు. లాభము తిన్నవారు వేరొక చోట నుండిరి. ఈ కర్ర ధర గురించి మాట్లాడునపుడు ఈ సంగతిని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము వారి ఎర్ర పట్టికలో ఈ చెట్టు అంతరించు ప్రమాదమున నున్న జాతిగా నమోదై, 2018లో కొంత తక్కువ ప్రమాదపు తరగతికి మార్చబడి, 2021లో మరల వెనుకటి తరగతికే వచ్చినది. 1995 నుండి సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడిక రెండవ అనుబంధములో చేర్చబడి యున్నది. అనగా తగిన అనుమతి పత్రము లేక ఈ కర్రను దేశము దాటించరాదు.

చెట్టు తక్కువైనపుడు సంభవించు కష్టమెట్టిదో తెలియుటకు దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పెదను. హిందూ మహాసముద్రములో మారిషస్ దేశము కలదు. మన తెలుగువారు పందొమ్మిదవ శతాబ్దమున చెరకుతోటల కూలికై పోయి స్థిరపడిన దేశము. నేటికిని అచ్చట ఉగాదికి సెలవు కలదు. ఆ దేశమునకు చెందిన రోడ్రిగ్స్ అను చిన్న ద్వీపములో కాఫీ కుటుంబపు చెట్టొకటి ఉండెడిది. కఫే మరాన్ అని దాని పేరు. అది పూర్తిగా నశించినదని అందరు భావించిరి. 1980లో ఒక బడిపిల్లవాడు దానిని కనుగొనెను. మిగిలినది ఒకే ఒక చెట్టు. దానికి కంచె కట్టి, 1986లో కొమ్మలు కత్తిరించి లండను నగరమందలి క్యూ తోటకు పంపిరి. కొమ్మ వేరు పట్టినది, మొక్కయైనది, పూలు పూచినది. కాని కాయ కాయలేదు. ఒకే చెట్టునుండి వచ్చిన మొక్కలన్నియు ఒకే రక్తము. ఎంతో కాలము శ్రమించి, 2003 నాటికి గాని నిపుణులు దాని నుండి విత్తనము పట్టలేకపోయిరి. ఆ విత్తనముతో పెంచిన మొక్కలు తిరిగి రోడ్రిగ్స్ చేరినవి.

దీనినుండి రైతు నేర్చుకొనవలసిన పాఠము ఒకటే. ఒక జాతిని నిలుపుటకు ఒక చెట్టు చాలదు, అనేక చెట్ల విత్తనము కావలెను. ఎర్రచందనము ఇంకను ఆ దశకు రాలేదు, అడవిలో చెట్లున్నవి. కాని ఊరంతయు ఒకే చెట్టు కాయలతో మొక్కలు పెంచినచో, చూచుటకు వేల చెట్లుండును గాని లోపల బలము ఒక్క చెట్టుదే యగును. ఒక పురుగుగాని, తెగులుగాని వచ్చినచో అన్నియు ఒక్కటిగా దెబ్బతినును.

ఇప్పుడు సాగు విషయమునకు వచ్చెదము.

నేల: నరసరావుపేట వైపు నల్లరేగడి నేలలు, సాగరు కుడికాలువ క్రింద తడిసెడి నేలలు దీనికి పనికిరావు. వేరు క్రింద నీరు నిలిచినచో మొక్క చచ్చును. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలములలో నల్లమల అంచున నుండు ఎర్రగరుసు, రాళ్లు కలిసిన వాలు చెక్కలు అనుకూలము. మన ప్రాంతమున నాపరాతి పొరలు మెండు. పైన జానెడు మట్టి, క్రింద పలకరాయి ఉన్న చోట వేరు దిగదు. కనుక నాటుటకు ముందు పొలములో నాలుగు చోట్ల గజము లోతు త్రవ్వి చూడవలెను. సున్నపు పాలు ఎక్కువగా కనబడిన నేలలో ఒక్కసారి ఎకరములు వేయక, ఇరువది ముప్పది మొక్కలు నాటి రెండు వర్షకాలములు చూచుట మంచిది. మట్టి పరీక్ష తప్పక చేయించవలెను.

విత్తనము: పూచిన పిమ్మట కాయ పండుటకు పది పదకొండు నెలలు పట్టును. మాఘ, ఫాల్గుణ మాసములలో కాయలు ఎండి గోధుమరంగు వచ్చును. అడవిలోనికి పోయి కాయలు ఏరుట నేరము. అటవీ శాఖ వారి వద్దగాని, నమ్మకమైన నర్సరీలలో గాని తీసికొనవలెను. తీసికొనునపుడు, "ఈ విత్తనము ఎచ్చటిది? ఎన్ని చెట్లనుండి ఏరినది?" అని అడుగుడు. ఒకదానికొకటి దూరముగా నున్న ఇరువది ముప్పది చెట్ల కాయలు కలిపిన విత్తనము మేలైనది. జవాబు చెప్పలేని వాని వద్ద కొనకుడు.

నారు: కాయ పెంకు గట్టిది, అందుచే మొలక తక్కువ. నూటికి సగము కూడ మొలవని సందర్భములు తరచుగా నుండును. రెక్కలను కత్తిరించి, కాయలను మూడు దినములు పేడనీటిలో నానవేసి విత్తినచో మొలక హెచ్చును. ఆ సంవత్సరపు కాయలనే వాడవలెను, నిలువ చేసినకొలది మొలక శక్తి తగ్గును. ఎత్తు మడిలో ఇసుక, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి విత్తి, పైన వరిగడ్డి కప్పి, రోజాతో పలుచగా నీరు చల్లవలెను. రెండు వారములు మొదలు అయిదారు వారముల వరకు ఒకటి తరువాత ఒకటిగా మొలకెత్తును. తొందరపడి మడిని పెకలింపరాదు. మొలకలు నాలుగాకులు వేసిన పిమ్మట పాలిథిన్ సంచులలోనికి మార్చవలెను. పొడవు సంచియైనచో తల్లివేరు మెలికపడకుండ దిగును. తొమ్మిది నెలలు మొదలు సంవత్సరము వయస్సుగల మొక్క నాటుటకు తగును.

నాటుట: ఎండకాలములోనే మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు గోతులు త్రవ్వి ఎండనీయవలెను. తొలకరి రెండు మంచి వానలు పడిన తరువాత, గోతిమట్టిలో రెండు తట్టల చివికిన ఎరువు కలిపి నాటవలెను. వరుసకు వరుసకు, మొక్కకు మొక్కకు నాలుగేసి మీటర్లు ఎడముంచినచో ఎకరమునకు సుమారు 250 మొక్కలు పట్టును. పొలమంతయు వేయుటకు ఇష్టము లేనివారు గట్లమీద ఒక వరుస వేసికొనవచ్చును. ఇది నీడ కోరని చెట్టు గనుక పెద్దచెట్ల క్రింద నాటరాదు.

పెంపకము: మొదటి రెండు ఎండకాలములు మొక్కకు గండము. మన రెంటచింతల ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పదిహేను దినములకొక పర్యాయము కుండెడు నీరు పోసి, పాదులో ఎండాకు పరచినచో చాలును. వాలు నేలలో మొక్కకు క్రింది వైపున అర్ధచంద్రాకారముగా కట్ట వేసినచో వాననీరు వేరు వద్దనే ఇంకును. దీని ఆకును మేకలు, పశువులు ఇష్టముగా మేయును. కావున కంచె లేక నాటుట వృథా. ముండ్లకంపయైనను సరే, మూడు నాలుగేండ్లు కంచె నిలుపవలెను. మొక్క తిన్నగా పెరుగుటకు క్రింది కొమ్మలను చిన్నవిగా నున్నప్పుడే కత్తిరింపవలెను. మొదటి నాలుగైదేండ్లు వరుసల మధ్య కంది, పెసర, ఉలవ, ఆముదము వేసికొనవచ్చును. కంది మన పల్నాటికి అలవాటైన పైరు. ఆ పైరుకు చేసిన కలుపు, దుక్కి చెట్టుకు కూడ ఉపకరించును. కంది మొక్క చందనపు మొక్కను కప్పివేయకుండ ఒక గజము దూరముంచవలెను.

ఇక అందరు ఎదురుచూచు మాట. ఎన్నేండ్లకు డబ్బు వచ్చును?

సుబాబుల్, జామాయిల్ వేసిన రైతు మూడు నాలుగేండ్లలో కర్ర అమ్మును. ఎర్రచందనము అటువంటిది కాదు. విలువ చేవకు గాని తెల్లకర్రకు లేదు. చేవ మెల్లగా పట్టును. పది పండ్రెండేండ్ల చెట్టు చూచుటకు లావుగా నున్నను, కోసినచో లోపల చేవ స్వల్పము. కొద్దిగానైనను మంచి చేవ చేరుటకు ఇరువది అయిదు, ముప్పది సంవత్సరములు ఆగవలెను. రాళ్లనేలలో ఇంకను ఎక్కువ పట్టవచ్చును. నీరు, ఎరువు విస్తారముగా ఇచ్చి త్వరగా లావెక్కించిన చెట్టులో చేవకూడ అదే వేగమున చేరునని ఎవరును హామీ ఇవ్వలేరు. అలల చార గల కర్రకు ధర హెచ్చు. కాని ఏ మొక్కలో ఆ చార వచ్చునో పైకి చూచి చెప్పుట అసాధ్యము. "మా మొక్క పదేండ్లలో ఇన్ని లక్షలు ఇచ్చును, మేమే తిరిగి కొందుము" అని కాగితము చూపి వచ్చువారిని నమ్మి, మిరపలో సంపాదించిన సొమ్మును మొక్కల ఖరీదుకు పోయకుడు. అప్పు తెచ్చి ఈ చెట్టు నాటుట అసలే తగదు. వడ్డి నెలనెలకు పెరుగును, చేవ ఏండ్లకు గాని పెరుగదు.

అట్లయిన నాటుట దండుగయా? కాదు. ఏ పైరుకును పనికిరాని రాతిచెక్కలో, ఇంటి ఖర్చులకు ఆధారపడని భూమిలో, కొద్ది పెట్టుబడితో నాటిన చెట్టు నష్టము తేదు. బిడ్డ పుట్టిన ఏడు నాటినచో ఆ బిడ్డ సంసారము మొదలుపెట్టు నాటికి చెట్టు చేవ పట్టుచుండును. చింతతోపు వేసిన తాతలు తమకొరకు వేసికొనలేదు కదా!

కాగితముల సంగతి. ఎర్రచందనము మీ పట్టాభూమిలో మీరు నాటినదే యైనను, కొట్టుటకు, తరలించుటకు అటవీ శాఖ అనుమతి కావలెను. రాష్ట్రమున 1969 నాటి రవాణా నిబంధనలు ఉన్నవి. 2016లో చట్టమును సవరించి శిక్షలు కఠినము చేసిరి. కనుక నాటిన నాడే మొక్కలు కొన్న రసీదు, నాటిన తేది, సర్వే నంబరు, మొక్కల లెక్క వ్రాసి దాచవలెను. అడంగలులో నమోదు చేయించవలెను. అటవీ అధికారులకు వ్రాతమూలముగా తెలియజేసి, ఆ నకలు భద్రపరచవలెను. ముప్పదేండ్ల తరువాత, ఇది మా పొలము చెట్టే, అడవి చెట్టు కాదు అని నిరూపించునది ఆ కాగితమే. కాగితము లేని చెట్టు దొంగ సొత్తు క్రింద లెక్కకు వచ్చును.

సాగుదారులకు కొంత వెసులుబాటు కూడ కలిగినది. 2019లో కేంద్ర ప్రభుత్వము సాగుభూములలో పెరిగిన ఎర్రచందనము ఎగుమతికి షరతులతో దారి తెరచినది. 2023 నవంబరులో సైటిస్ స్థాయీ సంఘము ఈ చెట్టు విషయమై భారతదేశముపై నున్న ప్రత్యేక సమీక్షను ఎత్తివేసినది. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన రాష్ట్రమున ఎర్రచందనము పెంచిన సుమారు రెండువందల మంది రైతులకు దాదాపు మూడు కోట్ల రూపాయలు ప్రయోజన భాగముగా విడుదల చేసినది. ఇవి మంచి గుర్తులు. అయినను ముప్పదేండ్ల తరువాత నిబంధన ఎట్లుండునో, ధర ఎట్లుండునో నేడు లెక్క వేసి చెప్పువాడు లేడు. కొట్టు కాలమునకు దొంగల భయముకూడ ఉండును. ఊరికి దూరముగా ఒంటరిగా నున్న పొలముకంటె, నలుగురు రైతులు పక్కపక్కన నాటి కలిసి కావలి కాచుకొనుట క్షేమము.

చివరగా ఒక మాట. మన పొలములో చెట్టు పెరిగినంత మాత్రమున శేషాచలపు అడవి నిలిచినట్లు కాదు. అచ్చటి వాన, రాయి, పక్షి, పురుగు, పక్క చెట్లు కలిసి వేల ఏండ్లుగా దానిని పెంచినవి. ఆ పని మనము ఎకరములో చేయలేము. కాని న్యాయముగా పెరిగిన కర్ర బజారులో దొరకినచో దొంగకర్ర గిరాకి కొంతయైనను తగ్గవచ్చును. అనేక చెట్ల విత్తనముతో పెరిగిన తోటలు పది చోట్ల ఉన్నచో, అడవికి ఆపద వచ్చిన నాడు విత్తనమునకు మరొక దారి ఉండును. అందుచే ఎకరము నాటిన రైతు వాటిలో మేలైన పది పదిహేను చెట్లను ఎప్పుడును కొట్టక విత్తనమునకు విడిచిపెట్టవలెనని నా ప్రార్థన. వాటి కాయలు మీ ఊరి రైతులకు పంచుడు, ఎవరికి ఎన్ని ఇచ్చినది వ్రాసి ఉంచుడు.

పల్నాటి రైతు ఎండకు, రాయికి, వానలేమికి జంకినవాడు కాడు. ఈ చెట్టు కూడ అటువంటి నేలలోనే పుట్టినది. గోయి త్రవ్వి నేల చూడుడు, ఆకు చూచి మొక్క కొనుడు, ఇరువది ముప్పది చెట్ల విత్తనము అడుగుడు, కంచె వేయుడు, కాగితము దాచుడు, చేవకొరకు ఆగుడు. ఈ ఆరు పనులు చేయ ఓపిక కలవారు ఈ తొలకరికి నాటవచ్చును. ఓపిక లేనివారు ఆ చెక్కలో ఉలవ చల్లుకొనుట మేలు. సందేహములున్నవారు లాం లోని వ్యవసాయ పరిశోధనా స్థానమునకు గాని, మీ మండల వ్యవసాయాధికారికి గాని ఉత్తరము వ్రాయుడు, లేదా మీ పొలపు మట్టి చేతపట్టుకొని స్వయముగా రండు.